తిన్నె మీద పలకరింపు

(దీర్ఘరోగులను ఇంట్లో చూసుకునే కుటుంబాల కోసం తిరుపతిలో జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకు వినపడతా ఉందా? సరే.

ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. మా మామ కొన్నేళ్ళుగా లుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో ఇంట్లోనే ఉన్నారు, అందుకని నన్ను పిలిచినారు. ఇప్పుడు కూడా ఇంట్లో టీవీ ముందరే ఉంటారు. కొందరి మొహాల్లో "ఇంకా ఉన్నారా" అనే అనుమానం కనిపించింది, అందుకే ఆ మాట చెప్పినా. ఆయన్ని అడిగే వచ్చినా. "నా పేరు చెప్పద్దు. రక్తం కౌంట్లు కావాలంటే చెప్పుకో, అవి ఎట్లాగూ వీధంతా తెలుసు" అన్నారు.

మందుల గురించి చెప్పడానికి మీకు డాక్టర్లు ఉన్నారు. నేను మనుషుల గురించి చెప్తా. ఇట్లాంటి జబ్బున్న పెద్దాయనకు ఆయన్ని చూడటానికి వచ్చే మనుషుల వల్లే ప్రమాదం. ఆ మనుషులు రావడం మానేస్తే మాత్రం ఆయన కౌంట్లు బాగుండి కూడా కుంగిపోతాడు. ఈ రెండిటి మధ్యా ఇల్లు నడపడమే మాకు అన్నిటికన్నా కష్టమైంది. రిపోర్టులూ వేలూరు ఆసుపత్రి ప్రయాణాలూ దాని తర్వాతే.

జబ్బు సంగతి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. లుకేమియా అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది, దగ్గితే రక్తం, ఆఖరి రీల్లో చావు. సినిమా వాళ్ళు మనకు చేసిన అన్యాయాల్లో ఇదొకటి. లుకేమియా ఒక్కటి కాదు. వారాల్లో ముదిరేవి ఉన్నాయి, ఏళ్ళ తరబడి నిదానంగా నడిచేవి ఉన్నాయి. లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాల్లో పుట్టేవి వేరు, మజ్జలో ఉండే మైలాయిడ్ అనే ఇంకో రకం కణాల్లో పుట్టేవి వేరు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఉన్నప్పుడు ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు 1948లో ప్రకటించినారు. అది తొందరగా ముదిరే రకం. మా మామది ఆ రకం కాదు, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, సి.ఎల్.ఎల్. అంటారు. పెద్ద వయసులో వచ్చేది. పాశ్చాత్య దేశాల పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే లుకేమియా ఇదే, మన దగ్గర మాత్రం తక్కువ. అందుకే మా బంధువుల్లో ఒక్కరు కూడా దీని పేరు విని ఉండలేదు.

మామ ఆర్టీసీ డ్రైవరు. సర్వీసులో ఎక్కువ భాగం తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. రిటైరయినాక కంట్లో శుక్లం తీయించుకుందామని పోతే, ఆపరేషన్‌కు ముందు చేసే రక్త పరీక్షలో తెల్లకణాలు 68 వేలు వచ్చినాయి. మామూలుగా 4 వేల నుంచి 11 వేల దాకా ఉండాలి. మిషన్ చెడిపోయిందేమోనని ల్యాబ్ అబ్బాయి రెండోసారి రక్తం తీసుకున్నాడు. మామకు చూస్తే జ్వరం లేదు, నొప్పి లేదు. పొద్దున్నే నడిచొచ్చి, మధ్యాహ్నం రెండు సంగటి ముద్దలు లాగించే మనిషి. ఈ జబ్బు చాలామందిలో ఇట్లా వేరే పనికి పోతేనే బయటపడుతుందంట.

ఫ్లో సైటోమెట్రీ అని ఇంకో రక్త పరీక్ష చేసి జబ్బు ఇదేనని తేల్చినారు. ఎముక మజ్జ తీయాల్సిన పని కూడా పడలేదు. తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాటకు మా ఇంట్లో అందరికీ మతిపోయింది: "ఇప్పుడు మందేమీ అక్కర్లేదు. మూణ్ణెల్లకొకసారి వచ్చి చూపించుకోండి." క్యాన్సర్ అని చెప్తారు, మందియ్యరు! మా మరిది అయితే వేరే ఆసుపత్రికి పోదామని కారు కూడా మాట్లాడినాడు.

ఆమె ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించింది. జోధ్‌పూర్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కాంతి రాయ్ అనే డాక్టరు 1975లో ఈ జబ్బుకు దశలు కట్టినారు, సున్నా నుంచి నాలుగు దాకా. రక్తంలో కణాలు పెరగడం ఒక్కటే ఉంటే సున్నా. మెడలో, చంకల్లో బిళ్ళలు కడితే ఒకటి. ప్లీహం గానీ కాలేయం గానీ పెరిగితే రెండు. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే మూడు, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గితే నాలుగు. మామది సున్నాకూ ఒకటికీ మధ్య. లక్షణాలు లేనప్పుడే మందు మొదలుపెడితే ఆయుష్షేమీ పెరగలేదని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలింది, మందు బాధలు మాత్రం ముందే మొదలవుతాయి. అందుకే కనిపెట్టుకుని ఉండటమే వైద్యం అనింది.

మా అందరికన్నా ముందు మామకే అది ఎక్కింది. "ఘాట్ దిగేటప్పుడు ప్రతి వంపుకూ బ్రేకు తొక్కేవాడు డ్రైవరు కాదమ్మా. గేర్లో దిగాల. కాలు బ్రేకు దగ్గరే ఉండాల, తొక్కకూడదు. ఆయమ్మ చెప్పేది అదే కదా" అన్నారు. కారు వెనక్కి పంపించేసినాం.

ఆయనకు జబ్బు పేరు చెప్పాలా వద్దా అని మా ఆయనా మరిదీ వంటింట్లో గుసగుసలు పెట్టుకున్న మాట నిజమే. వీళ్ళు తేల్చుకునే లోపల ఆయన రిపోర్టు మీది పేరు ఫోన్లో కొట్టి చూసేసుకున్నారు. ఆ చర్చ అంతటితో సరి.

ఇంక అసలు సంగతికొస్తా. ఈ జబ్బులో తెల్లకణాలు వేలకు వేలు ఉంటాయి గానీ చేతగానివి. క్రిములతో పోరాడే యాంటీబాడీలు తగ్గిపోతాయి. మనకు రెండు రోజుల్లో పోయే జలుబు ఆయనకు న్యుమోనియా కావచ్చు. జ్వరం 100.4 దాటితే రాత్రయినా పగలైనా డాక్టరుకు ఫోన్ చేయాలి. పారాసెటమాల్ వేసి తెల్లారిదాకా చూద్దామనుకోవడం పనికిరాదు. మా ఇంట్లో థర్మామీటరు దేవుడి గూట్లోనే ఉంటుంది, ఎవరూ జరపరు.

ఇట్లాంటి మనిషికి క్యాన్సరంట అని మన ఊర్లో తెలిస్తే ఏమవుతుంది? పలకరించడానికి వస్తారు. రాకపోతే తప్పు. చంద్రగిరి నుంచి, పాకాల నుంచి, పుత్తూరు నుంచి, డిపోలో పనిచేసినోళ్ళు, వాళ్ళ ఆడోళ్ళు, చంకలో ముక్కు కారే పిల్లోడితో సహా. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. మంచం మీద పక్కనే కూచుని, చెయ్యి పట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "ఏమన్నా, ఇట్లయిపోతివే" అని ఏడుస్తారు. అన్నకు ఏమీ కాలేదు, సంగటి తిని కూచోనుంటాడు. వీళ్ళు ఏడ్చి పోయినాక మాత్రం ఆయనకు నిజంగానే ఏదో అయిపోయినట్టు ఉంటుంది.

మొదట్లో డాక్టరమ్మ జాగ్రత్త అన్నదని తలుపేసేసినాం. ఎవరొచ్చినా "పడుకోనుండారు" అని పంపించేది. ఒక నెల అట్లా గడిచేసరికి మనిషి మారిపోయినాడు. నడక మానేసినారు. పేపరు తెచ్చినా తెరవరు. రక్తం రిపోర్టు మాత్రం పోయినసారిలాగే ఉంది. జబ్బు కదల్లేదు, మనిషి కదిలిపోయినాడు. అప్పుడు మా అత్త అన్నది, "ముప్పై ఏండ్లు బస్సు నిండా జనంతో బతికినోడు, నాతో ఒక్కదాంతో ఎట్లా పొద్దుపోతాది?"

మాది తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో పాత ఇల్లు. వీధి వైపు తిన్నె ఉంది. కొత్త ఇళ్ళకు తిన్నెలు పెట్టరు, కారు నిలపడానికి జాగా కావాల. మాది పాతది కాబట్టి మిగిలింది. పలకరింపులన్నీ అక్కడికి మార్చేసినాం. లోపలికి ఎవరూ రారు. ఆయన గడప పక్కన కుర్చీలో, వచ్చినోళ్ళు తిన్నె మీద, మధ్యలో గాలి. ఎండ తగ్గినాక సాయంత్రం మాత్రమే, ఒకసారికి ఒక కుటుంబమే. దగ్గూ జలుబూ ఉన్నవాళ్ళు ఫోన్లోనే. కౌగిలింతలు లేవు, కాళ్ళకు మొక్కాలనుకుంటే దూరం నుంచే మొక్కేది. గాలి ఆడే చోట, మనిషికీ మనిషికీ ఎడం ఉంటే క్రిముల బెడద తగ్గుతుందని కరోనా అప్పుడు అందరం నేర్చుకున్నదే కదా. కరోనా పోయిందని నేర్చుకున్నది కూడా మరిచిపోయినాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా, కోడళ్ళు ఉంటే వినండి, కొడుకులు ఉంటే ఇంకా బాగా వినండి. ఈ కాపలా పని కోడలి మీద పెట్టకండి. మా ఆడబిడ్డ మదనపల్లి నుంచి దగ్గుతా వచ్చింది. నేను గేటు దగ్గరే ఆపి మాస్కు ఇచ్చినా. "మా నాయన్ని చూసేదానికి నీ పర్మిషన్ కావాల్నా నాకు?" అని వచ్చిన బస్సుకే వెనక్కి పోయింది. సంక్రాంతికి కూడా రాలేదు. అదే మాట తమ్ముడు చెప్పుంటే ఇంత దూరం పోయేది కాదు. కోడలు వద్దంటే ఆస్తి కోసం ముసలాయన్ని దాచిపెట్టినట్టు, కొడుకు వద్దంటే తండ్రి మీద ప్రేమ. లోకం అట్లా ఉంది, నేనేం చేసేది? ఆఖరికి మామే ఆ పని తన చేతుల్లోకి తీసుకున్నారు. తిన్నె మీద కూచుని, వచ్చేవాళ్ళు వీధి మలుపులో ఉండగానే, "తుమ్ములు తగ్గినాక రారా నాయనా, అప్పటిదాకా ఫోన్ చెయ్యి" అని కేకేస్తారు. ఆయన నోటి నుంచి వస్తే ఎవరికీ కోపం రాదు. అన్నిటికన్నా ముఖ్యం, తన ఇంటికి ఎవరు రావాలో తేల్చే పెత్తనం ఆయన దగ్గరే ఉంది. జబ్బు మనిషి దగ్గర మనం మొదట లాగేసుకునేది దాన్నే.

పలకరింపులతో పాటు సలహాలు కూడా వస్తాయి. బొప్పాయి ఆకు రసం, గోధుమ గడ్డి రసం, ఎవరో ఇచ్చే కషాయం పొడి, బీట్‌రూట్‌తో రక్తం పడుతుందని ఒకరు. ఆయన రక్తం తిండి లేక తగ్గేది కాదు, మజ్జలో చోటు లేక తగ్గేది. ఇది నేను వాదించి వాదించి విసిగినా. ఇప్పుడైతే ఏ పొడి తెచ్చినా తీసుకుంటాం, "డాక్టరమ్మకు చూపించి వాడతాం" అంటాం, అలమార్లో పెడతాం. తెచ్చినోళ్ళకు తృప్తి. తిండి దగ్గర ఆమె చెప్పిన నియమాలు తక్కువే: పాలు కాచి తాగాలి, రోడ్డు మీద కోసి పెట్టిన పండ్లు వద్దు, ఇంటి పండ్లు బాగా కడిగి తినాలి.

బయటి మనుషుల సంగతి అట్లా తేలింది. ఇంట్లో మనుషుల సంగతి ఇంకో రకం. ఒక వేసవిలో మామకు ఎడమ పక్క ఎముకల మీద రెండు రోజులు మంట, తర్వాత వరసగా నీటి పొక్కులు. సర్పి. మా వీధిలో మన్ను పూసి మంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి పోతానన్నారు మామ. సర్పికి మందు మొదటి 72 గంటల్లోపల మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, అందుకని ముందు ఆసుపత్రికి తీసుకపోయినాం. ఆ తర్వాత మంత్రం కూడా వేయించుకున్నారు, మన్ను మాత్రం పూయనియ్యలేదు. పొక్కులు మానినా మంట నెలల పాటు పోలేదు. బనీను తగిలినా ఓర్చుకోలేకపోయేవారు.

రెండు వారాలు దాటినాయో లేదో, మా చిన్నోడికి ఒళ్ళంతా పొక్కులు. అత్త చూస్తూనే "అమ్మ పోసింది" అని గుమ్మానికి వేపమండలు కట్టేసింది. మేమందరం తాతను వాడి నుంచి కాపాడాలని పరుగులు పెట్టినాం. మామను మేడ మీదికి పంపించి, గిన్నెలూ దుప్పట్లూ వేరు చేసినాం. పిల్లల డాక్టరు అంతా విని, "వీడికి తాత దగ్గర్నుంచే వచ్చుంటుంది" అన్నాడు.

క్లాసులో నేను చెప్పే పాఠమే ఇది. చిన్నప్పుడు వచ్చిన చికెన్‌పాక్స్ తగ్గినా దాని వైరస్ పోదు, వెన్ను దగ్గర నరాల్లో దాక్కుని ఉంటుంది. ముసలితనంలోనో, ఇట్లాంటి జబ్బులోనో ఒంట్లో కాపలా తగ్గితే సర్పిగా లేస్తుంది. ఆ పొక్కుల రసి తగిలితే, చికెన్‌పాక్స్ రాని పిల్లలకు చికెన్‌పాక్స్ వస్తుంది. తాత పక్కన పడుకుని కథలు వినే పిల్లోడు వాడు. మామకు చిన్నప్పుడు ఏ గంగమ్మ జాతర నాడో పోసిన అమ్మ, అరవై ఏండ్ల తర్వాత మనవడికి పోసింది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టి వేయించాల. జబ్బున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే పిల్లల టీకాల కాగితం కూడా డాక్టరుకు చూపించండి. ఇట్లాంటి జబ్బున్నవాళ్ళకు బతికున్న క్రిములతో చేసే టీకాలు వేయరు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేస్తారు.

తన వల్ల మనవడికి వచ్చిందని మామ బాగా కుంగిపోయినారు. అన్నం కూడా సరిగా తినలేదు. చిన్నోడే మెట్ల కింద నిలబడి, "తాతా, నాకు నీకన్నా ఎక్కువ వచ్చినాయి, లెక్క పెట్టుకున్నా" అని అరిచినాడు. పొక్కుల్లో పోటీ. ఆయన నవ్వినారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ఎవర్ని కాపాడాలి అన్న ప్రశ్నకు ఒకే వైపు జవాబు లేదు.

మందు అవసరం కూడా వచ్చింది. మొదట కనిపించింది రిపోర్టులో కాదు, కంచంలో. రెండు ముద్దలు తినే మనిషి ముద్ద సగానికే "కడుపు నిండింది" అనడం మొదలుపెట్టినారు. ప్లీహం పెరిగి కడుపును నొక్కుతా ఉంది. రాత్రిళ్ళు చెమటలకు దిండు గలీబు పిండాల్సి వచ్చేది. హిమోగ్లోబిన్ పదికి దిగింది. వండి పెట్టే అత్తకే ముందు తెలిసింది, నెలకు ముందే తెలిసింది. డాక్టరు అడిగేటప్పుడు కొడుకులు మాట్లాడతారు గానీ, వండి పెట్టే మనిషిని లోపలికి తీసుకపోండి. ఆమెకు తెలిసింది ఎవరికీ తెలీదు.

ఇబ్రూటినిబ్ అని రోజూ వేసుకునే మందు మొదలుపెట్టినారు. నెలలోపే మెడ కింద బిళ్ళలు కరిగినాయి. తెల్లకణాలు మాత్రం తగ్గకపోగా ముందుకన్నా పెరిగినాయి. మా మరిది మళ్ళీ కారు మాట్లాడబోయినాడు. బిళ్ళల్లో దాక్కున్న కణాలు మందు దెబ్బకు రక్తంలోకి వచ్చి పడతాయి, అందుకే మొదట్లో అంకె పెరుగుతుంది, అది మందు పనిచేస్తున్న గుర్తేనని చెప్పినారు. ఈ సంగతి ముందే తెలిస్తే చాలామంది ఇళ్ళల్లో ఆ నెల నిద్ర పడుతుంది, అందుకే చెప్తా ఉన్నా. ఆ మందుతో పంపరపనస తినకూడదు, పుల్ల నారింజ కూడా. మందు ఒంట్లో పేరుకుపోతుంది. కాబట్టి మా ఇంట్లో నారింజ పులిహోర బంద్, నిమ్మకాయతోనే. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తే వెంటనే చెప్పాలి. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకు చెప్పి మందు ఆపాల్సి ఉంటుంది.

చూపించుకునేది వేలూరు సి.ఎం.సి.లో. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మేము మొదలుపెట్టింది అక్కడ కాబట్టి అక్కడికే పోతాం. రక్తం మాత్రం ఇక్కడే తీయించి పంపిస్తాం. ఒకసారి అపాయింట్‌మెంటు సరిగ్గా జాతర వారంలో పడింది. గంగమ్మ జాతర చాటింపు వేసినాక మన ఊరోళ్ళు పొలిమేర దాటి వేరే చోట రాత్రి నిద్ర చేయకూడదు, మీకు తెలిసిందే. అత్త ఒప్పుకోలేదు. మామ కూడా ఆమె వైపే. నేను సైన్సు టీచర్ని, అయినా వాదించలేదు. తెల్లారుజామున బయల్దేరి, పాకాల, చిత్తూరు మీదుగా పోయి, చూపించుకుని, అదే రాత్రి ఊర్లోకి వచ్చి పడినాం. మనిషి అలిసిపోయినారు, నిజమే. కానీ ఊరి లెక్కలో తానూ ఒకడినని ఆయనకు అనిపించడం నాకు అలసట కన్నా ముఖ్యంగా తోచింది. మీకు వేరేగా తోచవచ్చు.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తా. సెలవులు ఎవరు పెట్టాలి, ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలి, ఇది అన్నదమ్ములు మొదటి నెలలోనే నోరు తెరిచి మాట్లాడుకోవాల. ఏళ్ళ తరబడి నడిచే జబ్బు ఇది. మొహమాటంతో మొదలుపెడితే రెండో ఏటికి కోర్టులో తేలతాది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న తగువు ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు మామ ప్రతి ఏడూ జాతరలో బైరాగి వేషం కట్టేవారు, ఒళ్ళంతా తెల్లగా పూసుకుని. ఈసారి మళ్ళీ కడతానంటా ఉన్నారు. నేను వద్దంటా ఉన్నా. ఆ గుంపు, ఆ తోపులాట, కొంచెం తగిలితే కమిలే చర్మం. ఆయన అంటారు, "గుడి దాకా పోనమ్మా, వేషం కట్టుకుని తిన్నె మీదే కూచుంటా, జనమే ఇట్లా వస్తారు కదా." అంటే నేను పెట్టిన రూలుతోనే నన్ను కట్టేసినారు. డాక్టరమ్మను అడుగుతానన్నా. ఆమె ఏమంటుందో ఆమెకన్నా ముందు మామకే తెలిసినట్టుంది, అప్పుడే చిన్నోడికి కూడా వేషం గుడ్డలు కొలత ఇప్పించేసినారు.

సరే, నేను ఎక్కువసేపే మాట్లాడినా. ప్రశ్నలుంటే అడగండి. మందుల రేట్లు మాత్రం నన్నడగద్దు, నెల నెలకూ మారతాయి. ఆ రెండో వరసలో అమ్మ చెయ్యెత్తి చాలాసేపయింది, మైకు ఆమెకు ఇయ్యండి.